వైద్య కళాశాల ఎంపిక – రోగి హక్కు

నీట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి కౌన్సెలింగు ముగిసే వరకు వైద్య విద్య కోరుకునే ఇళ్ళలో ఒకటే చర్చ. ఏ కళాశాల? ఎంత ఫీజు? ఎంత దూరం? బంధువులు ఫోన్లు చేస్తారు. నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే మసీదు మెట్ల మీదే నలుగురు సలహాలిస్తారు. విదేశీ కళాశాలల ఏజెంట్లయితే ఇంటికే వచ్చి కూర్చుంటారు. తండ్రి అప్పు లెక్క వేసుకుంటాడు, తల్లి హాస్టలు భోజనం గురించి దిగులు పడుతుంది, పిల్లవాడు స్నేహితులు ఎక్కడ చేరుతున్నారో చూస్తాడు. అందరూ మాట్లాడతారు, ఒక్కరు తప్ప. పదేళ్ళ తర్వాత ఈ పిల్లవాడి ముందు బల్ల మీద పడుకోబోయే రోగి ఆ చర్చలో ఉండడు.

అతనికి ఈ విషయంలో ఏదైనా హక్కు ఉందా?

అల్లాహ్ హక్కులు, దాసుల హక్కులు (హుఖూఖుల్ ఇబాద్) అనే విభజన మనకు చిన్నప్పటి నుండి తెలిసిందే. సాటి మనిషి హక్కును కాజేస్తే ఆ మనిషి క్షమించాలి, లేదా పరలోకంలో లెక్క అప్పగించాలి అని ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. అయితే దాసుల హక్కులు అనగానే మనకు అప్పు, ఆస్తి పంపకం, పొరుగువాడు గుర్తుకొస్తారు. ఇంకా పరిచయం కాని మనిషి, ఏ ఊరివాడో తెలియని మనిషి, బహుశా ఇంకా పుట్టని మనిషి కూడా మన మీద హక్కుదారుడు కాగలడని సాధారణంగా తోచదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి నష్టం కలిగించినవాడు ఆ నష్టానికి బాధ్యుడవుతాడనే భావం గల హదీసు అబూ దావూద్, నసాయి, ఇబ్నె మాజా సంకలనాల్లో ఉంది. మన ధర్మ పండితులు వైద్యుని జవాబుదారీని చర్చించేటప్పుడు దానినే ఆధారంగా తీసుకుంటారు. మరి "వైద్యం తెలియడం" ఎక్కడ మొదలవుతుంది? పట్టా చేతికొచ్చిన రోజున కాదు. నేర్చుకునే చోటును ఎంచుకున్న రోజుననే మొదలవుతుంది. తాను సరిగా నేర్చుకోలేని చోటు అని తెలిసీ, ఇతర సౌకర్యాలు చూసుకుని అక్కడ చేరినవాడు ఆ జవాబుదారీలో కొంత భాగాన్ని ఆనాడే నెత్తికెత్తుకున్నట్టు కాదా?

హిజ్రీ 319లో, అంటే క్రీ.శ. 931లో, బాగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వల్ల ఒక మనిషి చనిపోయాడు. సంగతి ఖలీఫా అల్ ముఖ్తదిర్ వరకు వెళ్ళింది. నగరంలోని వైద్యులందరినీ పరీక్షించి, యోగ్యులని తేలినవారికే అనుమతి ఇవ్వమని ఆయన ప్రధాన వైద్యుడైన సినాన్ బిన్ సాబిత్‌ను ఆదేశించాడు. అప్పటికే పేరున్నవారిని, ఆస్థాన వైద్యులను మినహాయించినా పరీక్షకు వచ్చినవారు 860 మందికి పైగా ఉన్నారని చరిత్రకారులు రాశారు. వారిలో ఖరీదైన దుస్తులు వేసుకున్న ఒక పెద్దాయన గురించి కూడా చెబుతారు. ఆయన సినాన్ ముందు బంగారు నాణాలు పెట్టి, తనకు చదవను రాయను రాదని, సంసారం గడవాలని ఒప్పుకున్నాడట. తెలియని రోగం జోలికి పోకూడదు, రక్తం తీయకూడదు అనే షరతుల మీద సినాన్ ఆయనను వదిలిపెట్టాడు. మర్నాడు ఒక యువకుడు వచ్చాడు. నీ గురువెవరు అంటే, నిన్న వచ్చిన పెద్దాయనే, మా నాన్న అన్నాడు! నవ్వు తెప్పించే కథే. కాని ఒక మనిషి ప్రాణం పోయిన తర్వాత సమాజం వేసిన మొదటి ప్రశ్న "నీవు ఎవరి దగ్గర, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నది గమనించండి.

ఎక్కడ నేర్చుకోవాలన్న దానికి కూడా ఆ కాలపు వైద్యులు సమాధానం చెప్పారు. పదో శతాబ్దికి చెందిన అలీ బిన్ అబ్బాస్ అల్ మజూసీ వైద్య విద్యార్థి ఎప్పుడూ ఆస్పత్రిలో ఉండాలని, రోగుల స్థితిగతులను స్వయంగా చూస్తూ గురువులను అడుగుతూ ఉండాలని తన గ్రంథంలో బోధించాడు. వెయ్యేళ్ళు గడిచినా ఆ సలహా పాతబడలేదు. రోగులు లేని చోట వైద్యం రాదు.

అందుకే కళాశాలను చూడటానికి వెళ్ళినప్పుడు భవనం చూడకండి. ఏ మంగళవారమో బుధవారమో ఉదయం పది గంటలకు ఆస్పత్రి ఓపీలో నిలబడండి. చీటీల కోసం వరుస ఉందా? వార్డుల్లో పడకలు నిండి ఉన్నాయా? జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం 100 సీట్ల కళాశాలకు 420 పడకలు, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి, వాటిలో 80 శాతం నిండి ఉండాలి. కాగితం మీద ఇవి అన్ని కళాశాలల్లోనూ ఉంటాయి. తనిఖీ రోజున మాత్రమే పడకలు నిండే ఆస్పత్రులు, తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకులు ఉన్నారన్నది కొత్త సంగతి కాదు. ఇటువంటి ఆరోపణలపైనే, తనిఖీ అధికారులకు లంచాల వ్యవహారం మీద 2025లో సీబీఐ కేసు నమోదు చేసింది. కనుక హౌస్ సర్జన్లను పక్కకు పిలిచి మెల్లగా అడగండి: "బాబూ, నీవు స్వయంగా ఎన్ని కాన్పులు చూశావు? ఎన్ని గాయాలకు కుట్లు వేశావు? రాత్రి డ్యూటీలో నీ పక్కన పెద్ద డాక్టరు ఎవరైనా ఉంటారా?" పది నిమిషాల్లో అసలు విషయం తెలుస్తుంది.

ఈ కొలత ప్రకారం చూస్తే మన ప్రాంతపు పాత ప్రభుత్వ కళాశాలల విలువ ఎందుకు తగ్గలేదో అర్థమవుతుంది. ఉస్మానియా మూలాలు 1846 నాటి హైదరాబాదు వైద్య పాఠశాలలో ఉన్నాయి. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాల 1923లో, గుంటూరు 1946లో, గాంధీ 1954లో, వరంగల్లులోని కాకతీయ 1959లో మొదలయ్యాయి. గోడలు పెచ్చులూడి ఉండవచ్చు, హాస్టలు గది ఇరుకుగా ఉండవచ్చు. వాటి ఆస్పత్రులకు పేదలు తరాలుగా వస్తూనే ఉన్నారు. మన పిల్లలకు వైద్యం నేర్పేది ఆ పేదలే. ఈ ఋణం ఎవరూ ఫీజు రసీదులో రాయరు.

కొత్త ప్రభుత్వ కళాశాలల సంగతి వేరు. తెలంగాణలో దాదాపు జిల్లాకొకటి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ఒకేసారి అయిదు మొదలయ్యాయి. జిల్లా ఆస్పత్రి గనుక రోగులకు కొదవ ఉండదు, ఆచార్యులకు కొదవ ఉంటుంది. 2025లో తెలంగాణలోని అనేక ప్రభుత్వ కళాశాలలకు సిబ్బంది, వసతుల కొరతపై కమిషన్ నోటీసులు కూడా ఇచ్చింది. అయినా, రోగులు ఉండి గురువులు తక్కువైన చోటికీ, గురువుల పేర్లు ఉండి రోగులు లేని చోటికీ మధ్య ఎంచుకోవలసి వస్తే మొదటిదే మేలని నా అభిప్రాయం. ఖాళీ పోస్టు రేపు భర్తీ కావచ్చు. ప్రజలు నమ్మని ఆస్పత్రికి రోగులను ఎవరు తేగలరు?

ఇక వెబ్ ఆప్షన్ల విషయం. చాలా ఇళ్ళలో ఒక అపోహ ఉంది: "పోయినేడు మన ర్యాంకుకు ఆ కళాశాల రాలేదు, దాన్ని ముందు పెడితే ఉన్నది కూడా పోతుంది" అని. అలా జరగదు. వరంగల్లులోని కాళోజీ విశ్వవిద్యాలయమైనా, విజయవాడలోని ఎన్టీఆర్ విశ్వవిద్యాలయమైనా, సీట్లను అర్హత, రిజర్వేషన్లను అనుసరించి మెరిట్ క్రమంలోనే కేటాయిస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను పైనుండి చూస్తూ వెళ్ళి, ఖాళీగా ఉన్న మొదటిది ఇస్తుంది. పైన ఆశ పెట్టుకుంటే కింద నష్టం లేదు. కాబట్టి నిజంగా ఏది మేలనుకుంటున్నారో అదే వరుసలో రాయండి. ఎట్టి పరిస్థితుల్లోనూ చేరబోమని తెలిసిన కళాశాలను మాత్రం జాబితాలో చేర్చకండి. 2025లో 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల పైచిలుకు. ఇంత కరువులో ఊరికే ఒక సీటును పట్టి ఉంచడం ఆకలిగొన్న పంక్తిలో తినని విస్తరి వేయించుకున్నట్టే. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకు, అఖిల భారత కోటాకు కౌన్సెలింగు వేరుగా జరుగుతుంది కాబట్టి రెంటికీ విడివిడిగా నమోదు కావాలి. ఏ విడతలో సీటు వదులుకుంటే ఏ జరిమానా ఉందో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదివి తెలుసుకోవాలి.

దూరం గురించి, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఒక మాట చెప్పక తప్పదు. ఇంట్లో కాన్పు అంటే లేడీ డాక్టరే కావాలంటాం. నగరమంతా తిరిగి అయినా వెతుకుతాం. అదే ఇంటి అమ్మాయికి ఆదిలాబాదులోనో శ్రీకాకుళంలోనో సీటు వస్తే "అంత దూరమా, వద్దులే తల్లీ, ఇంకేదైనా చదువుకో" అంటాం. మన స్త్రీలకు వైద్యం చేసే స్త్రీలు మరెవరి ఇంటి నుండి రావాలి? భద్రత, పరదా, తోడు లేని ప్రయాణం, ఇవి తీసిపారేయదగిన విషయాలు కావు. హాస్టలుకు స్వయంగా వెళ్ళి చూడాలి, సీనియరు అమ్మాయిలతో తల్లి కూర్చుని మాట్లాడాలి, ఆ ఊళ్ళో తెలిసిన కుటుంబం ఉందేమో కనుక్కోవాలి. తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల వంటివి జాబితాలో పైకి జరపవచ్చు. ఇవన్నీ చేశాక కూడా వద్దనిపిస్తే అది వేరు. ఏదీ చేయకుండానే వద్దనడం అమ్మాయికీ అన్యాయం, ఆమె కోసం ఎదురుచూసే స్త్రీలకూ అన్యాయం.

హైదరాబాదులోని దక్కన్, షాదాన్ వంటి మైనారిటీ కళాశాలల గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. కొందరు మనవాళ్ళవి కాబట్టి కళ్ళు మూసుకుని చేర్చమంటారు, కొందరు మనవాళ్ళవి కాబట్టే వద్దంటారు. ఏ కళాశాలకైనా ఓపీ వరుస, హౌస్ సర్జన్ మాటే కొలత. కళాశాల అనుమతిని కూడా చూసుకోవాలి. 2022లో తెలంగాణలోని మూడు ప్రైవేటు కళాశాలలకు కమిషన్ అనుమతి ఉపసంహరించినప్పుడు, అప్పటికే చేరిన విద్యార్థులను వేరే కళాశాలలకు సర్దడానికి నెలలు పట్టింది.

విదేశాల విషయానికి వస్తే, కిర్గిజిస్తాన్, ఉజ్బెకిస్తాన్ పేర్లు చెప్పి ఏజెంటు మొదట అనే మాట: "భాయ్, ముస్లిం దేశం, హలాల్ భోజనం, పక్కనే మసీదు." మంచిదే. కాని హలాల్ భోజనం పొట్టకు సంబంధించిన సమాధానం, మనం అడగవలసింది చదువు గురించి. 2021 నవంబరు నాటి నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఆంగ్లంలో జరగాలి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో కూడా వైద్యుడిగా నమోదయ్యే అర్హత రావాలి. ఇక్కడికి వచ్చాక ఎఫ్ఎంజీఈ పరీక్ష గట్టెక్కాలి, మళ్ళీ ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఆ పరీక్షలో నలుగురైదుగురిలో ఒక్కరే ఉత్తీర్ణులవుతూ వచ్చారు. వార్డులో రోగి మాట్లాడేది ఆంగ్లం కాదు, కిర్గిజ్ లేదా రష్యన్. ఆ భాష రాని విద్యార్థి రోగి మంచం పక్కన నిలబడి ఏం నేర్చుకుంటాడు? 2022లో ఉక్రెయిన్ యుద్ధం, 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థులపై దాడులు మన పిల్లలను ఎంత భయపెట్టాయో గుర్తుంది కదా! వెళ్ళి కష్టపడి చదివి, పరీక్ష గట్టెక్కి, నేడు మంచి సేవ చేస్తున్నవారు లేకపోలేదు. అయితే ఆ భాష నేర్చుకునే ఓపిక, ఒంటరిగా చదివే క్రమశిక్షణ ఈ పిల్లవాడిలో ఉన్నాయా అని తండ్రి నిజాయితీగా తేల్చుకోవాలి. "ఇక్కడ రాలేదు కాబట్టి అక్కడికి" అనేది కారణం కాదు.

డబ్బు. తెలంగాణలో ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వ కళాశాలలో బోధనా రుసుము ఏటా 10 వేలు, ప్రైవేటులో కన్వీనర్ సీటుకు 60 వేలు, యాజమాన్య సీటుకు 11 లక్షలు దాటి ఉంటూ వచ్చింది. అంటే యాజమాన్య సీటుకు మొత్తం అర కోటి పైమాటే. ఇది ఎక్కడి నుండి వస్తుంది? వడ్డీ అప్పు నుండి అయితే అల్ బఖరా సూరా చివరి భాగంలోని హెచ్చరిక తెలియని ఇల్లు మనలో లేదు. విద్యా రుణం విషయంలో అనివార్యత ఎక్కడ మొదలవుతుందో విశ్వసనీయ పండితుని వద్ద తన పరిస్థితి మొత్తం చెప్పి అడగాలి, సగం చెప్పి అనుకూలమైన ఫత్వా తెచ్చుకోకూడదు. ఇల్లు అమ్మి అయితే ఆ ఇంట్లో చెల్లెళ్ళ హక్కు, తమ్ముళ్ళ చదువు ఉన్నాయి. సంతానం మధ్య న్యాయం పాటించమని దైవప్రవక్త (స) నేర్పిన పాఠం మెడికల్ సీటు దగ్గర రద్దయిపోదు. అన్నిటికీ మించి, అర కోటి పెట్టి కొన్న చదువు రేపు దానిని రాబట్టుకోవాలని చూస్తుంది. అనవసరపు స్కానింగులు, అవసరం లేని ఆపరేషన్లు, కమీషన్లు ఎక్కడి నుండి పుడతాయో అందరికీ తెలుసు. ఆ రోగి జేబు మీద కూడా ఈ రోజే సంతకం చేస్తున్నాం.

ఇప్పుడు అందరికీ తెలిసీ ఎవరూ మాట్లాడని విషయం. ముస్లింలలో వెనుకబడిన వర్గాలుగా గుర్తింపు పొందినవారికి 2007 నాటి చట్టం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహరా, ఖోజా మొదలైనవారు అందులోకి రారు. కాని నీట్ ఏడాది వచ్చేసరికి సయ్యద్ ఇంటి అబ్బాయి కాగితం మీద షేక్ అయిపోతాడు! పెళ్ళి సంబంధాలప్పుడు వంశవృక్షం చదివే ఇల్లే మండల కార్యాలయం దగ్గర దానిని మడిచి జేబులో పెట్టుకుంటుంది. "ప్రభుత్వ సొమ్మే కదా, మన సముదాయానికే కదా" అంటారు. అలా కాదు. ఆ సీటు ఏ ఫకీరు కుటుంబపు అమ్మాయిదో, అబ్బాయిదో. వాళ్ళ ఇంట్లో మొదటిసారి ఒకరు డాక్టరయ్యేవారు. వాళ్ళ పేరు మనకు ఎన్నటికీ తెలియదు, పరలోకంలో తెలుస్తుంది. ఆదాయం తక్కువైన సయ్యద్, పఠాన్ కుటుంబాలకు అర్హత ఉంటే 2019 నుండి ఆర్థికంగా వెనుకబడినవారి కోటా ఉంది, నిజం చెప్పే దారి అది. ఎన్ఆర్ఐ సీటు కోసం దుబాయిలోని దూరపు బంధువును స్పాన్సరుగా కాగితాల మీద పుట్టించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. 2024 సెప్టెంబరులో పంజాబు కేసులో దూరపు బంధువులకు ఈ కోటాను విస్తరించడం మోసమేనని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అబద్ధపు పత్రంతో చేరినవాడు తర్వాత రోగికి, "నేను చెప్పేది నమ్ము" అని ఏ నోటితో చెబుతాడు?

చివరిగా, ఆప్షన్లు ఎవరు నింపుతున్నారు? పాస్‌వర్డ్ తండ్రి దగ్గర, ఓటీపీ మామూ ఫోనుకు, జాబితా ఇంటర్నెట్ సెంటరు కుర్రాడి చేతిలో. చదవవలసిన అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటుంటుంది. సంప్రదింపు (మష్వరా) అంటే ఇది కాదు. అసలు ఆమెకు వైద్యురాలు కావాలని ఉందా? రక్తం చూసి తట్టుకోగలదా? ఒక్కసారైనా అడిగారా? ఇష్టం లేని చేతులు రోగి నాడి పట్టుకోవడం ఆ రోగికి మేలు కాదు. ఇష్టం ఉండి ర్యాంకు రానివారికి మరో ఏడాది ప్రయత్నం ఉంది, నర్సింగు ఉంది, ఫిజియోథెరపీ ఉంది, హైదరాబాదు నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల ఉన్నాయి.

ఇస్తిఖారా నమాజు చేసుకోవాలి, తప్పకుండా. అయితే ఆ నమాజు మష్వరాకు, విచారణకు బదులు కాదు. కలలో ఏదో కనిపిస్తుందని ఎదురుచూడటం కూడా దాని ఉద్దేశం కాదు. ఓపీ వరుస చూసి వచ్చాక, హౌస్ సర్జన్‌తో మాట్లాడాక, డబ్బు లెక్క, పత్రాల లెక్క తేలాక, అమ్మాయి తన నోటితో జాబితాను పైనుండి కిందికి చదివి వినిపించాక, రెండు రకాతులు చేసి, ఆమె చేతనే ఆప్షన్లను ఖరారు చేయించండి.